కెప్టెన్ ఏలీయా, మా అమ్మ ఇచ్చిన మాట

మెదక్‌లో పుట్టినవాడికి సముద్రంతో ఏం పని? మా అన్న ఏలీయాను ఊరంతా అడిగిన ప్రశ్న ఇది. ఎండాకాలం మా మంజీరలో మోకాలు కూడా మునగదు. అయినా మెట్రిక్ కాగానే బొంబాయి వెళ్లి ఓడ పనిలో శిక్షణకు చేరాడు. తాళ్లు లాగాడు, డెక్కు కడిగాడు. ఏళ్లకేళ్లు నీళ్ల మీద గడిపి, పరీక్ష తర్వాత పరీక్ష రాసి, 1968 నాటికి ఓడలో కెప్టెన్ తర్వాతి అధికారి అయ్యాడు. ఇక ఒక్క పరీక్ష మిగిలింది. అది గట్టెక్కితే కెప్టెన్ లైసెన్సు చేతికొస్తుంది.

అడ్డం పడింది ఎవరనుకున్నారు? మా అమ్మ రాహేలు.

అన్న పసివాడిగా ఉన్నప్పుడు తట్టు పోసి చావుదాకా వెళ్లొచ్చాడట. అమ్మ ఆదివారం ఆరాధనలో నిండు సంఘం ముందు లేచి నిలబడి, "ప్రభువా, వీన్ని బతికిస్తే నీ సేవకే ఇస్త" అని మాట ఇచ్చింది. మా దగ్గర సేవ అంటే పాస్టరు పనే; సంఘం ముందు ఇచ్చిన మాటను ఎవరూ మరిచిపోరు, మరిచిపోనివ్వరు. అన్న ఓడెక్కిన నాటి నుంచి చర్చి మెట్ల మీద ఆడవాళ్లు, "మీ పాస్టరు ఏ దేశంల ఉన్నడు, రాహేలూ?" అని నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది. అమ్మకు మాత్రం భయం. రేడియోలో తుఫాను అన్న మాట వినబడితే చాలు, అన్నం ముట్టేది కాదు. తాను మాట తప్పినందుకు దేవుడు కొడుకును నీళ్లపాలు చేస్తాడని ఆమె బెంగ.

ఆ యేడు పరీక్షకు ముందు అన్న సెలవు మీద ఇంటికి వచ్చాడు. సంచి దింపాడో లేదో, అమ్మ వంటింట్లో కూర్చోబెట్టింది.

"ఇగ చాలు కొడకా. పాస్టరు సదువుకు పో. నేను సచ్చే లోపల నా మాట నిలబెట్టు."

అన్న తల వంచుకుని, "సరే అమ్మా, నీ ఇష్టం" అన్నాడు. నా కోపం నషాళానికంటింది.

"ఏం సరే అన్నా? ఇన్నేండ్ల కష్టం గంగల కలుపుతవా?"

"నువ్వు ఊకో ఎలిశిబా!" అని నన్ను కసిరి, అమ్మ అన్న వైపు తిరిగింది. "నడి సముద్రంల నీకేమన్నయితే ప్రార్థన జేసెటోడన్న ఉంటడా? పాస్టరు ఉంటడా ఆడ?"

"ఉండడమ్మా. ఎవలన్న పోతే కెప్టెనే ప్రార్థన జేసి సాగనంపాలె. అది గూడ ఆయన పనే."

"కెప్టెనా?"

అప్పుడు చెప్పాడు అన్న. కిందటి ప్రయాణంలో ఓడ వంటమనిషి, భీమిలి వైపు క్రైస్తవుడు, జ్వరంతో చనిపోయాడు. ఒడ్డు ఇంకా చాలా దూరం. కెప్టెన్ ఒక పార్సీ పెద్దాయన. "మీ ఇద్దరి మతం, భాష ఒకటే. నా బదులు నువ్వు చెయ్యి" అని అన్నకు అప్పగించాడు. మెదక్ సమాధుల తోటలో చిన్నప్పటి నుంచి విన్న ప్రార్థనే అన్న చెప్పాడు. ఇంజన్లు ఆపి, శవాన్ని సముద్రంలోకి జారవిడిచారు.

"అతని తల్లికి ఎవలు జెప్పిన్రు?" అమ్మ అడిగింది.

"నేనే పోయిన. గందుకే ఇంటికి లేటయింది. ముందుగాల భీమిలి పోయి ఆమె దగ్గర కూసున్న. కొడుకు మీద పిడికెడు మన్ను గూడ పొయ్యలేకపోతినని మస్తు ఏడ్సింది. తెలుగులనే ప్రార్థన జేసిన అమ్మా అంటే, నా చేతులు వట్టుకొని ఇడువలే."

పొయ్యి మీద పప్పు మాడుతున్నా అమ్మ చూడలేదు. చివరికి కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"నీ పరీక్ష ఎన్నడురా?"

అమ్మయ్య! నా గుండెల మీది బరువు దిగిపోయింది. పప్పు దించి అన్నం పెట్టాను. ముగ్గురం మాడిన పప్పుతోనే కడుపునిండా తిన్నాం.

అన్న బొంబాయి వెళ్లి పరీక్ష గట్టెక్కాడు. టెలిగ్రాం వచ్చాక మొదటి ఆదివారం, చర్చిలో దేవుడు చేసిన మేలును అందరి ముందు సాక్ష్యంగా చెప్పుకునే వేళ అమ్మ లేచి నిలబడింది.

"నా కొడుకును సేవకు ఇస్తనన్న. ఇచ్చిన. పాస్టరు పోలేని కాడ వాడుంటడు. ఇగ ఈ ముచ్చట నన్నెవ్వరు అడగొద్దు!"

అని కూర్చుంది. ఆమె ముఖంలో భయం లేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. నవ్వుదామనుకున్నాను గానీ, ఏడుపొచ్చింది.