లాగిన చేయి

కాలేజీలో చేరిన మూడో రోజే ఆమె ఒకడి ముక్కు పగలగొట్టింది. దేంతో అనుకున్నారు? జంతుశాస్త్రం పుస్తకంతో. ఆరువందల పేజీలు, గట్టి అట్ట. సీనియర్ ఒకడు మెట్లకి అడ్డంగా నిలబడి, "మాంసం కొట్టు పిల్లవట కదా, ఏదీ, చెయ్యి వాసన చూడనీ" అని మణికట్టు పట్టుకున్నాడు. వాడు వాసన చూసేదాకా ఆమె ఆగింది కూడా. చూశాక పుస్తకం ఎత్తి ఒక్కటిచ్చింది. వాడు మెట్ల మీద కూలబడి, దోసిట్లోకి కారుతున్న రక్తాన్ని చూసుకుని గుడ్లనీరు కుక్కుకుంటుంటే, వెనకాల ఉన్న పొడుగాటి కుర్రాడొకడు, "అమ్మో, ఇది పిల్ల కాదురోయ్, గండ్రగొడ్డలి!" అన్నాడు. ఆ పేరు ఆమెకి అతుక్కుపోయింది. పిలిచే ఓపిక లేనివాళ్ళు దాన్ని గొడ్డలిగా కుదించారు. పేరు పెట్టినవాడు వారం తిరక్కుండానే ఆమెకి ప్రాణస్నేహితుడయ్యాడు. వాణ్ణి అందరూ పొడుగు అనేవాళ్ళు.

ఆమెకి కొట్లాటలంటే ఇష్టం. బుద్ధిమంతుల జీవితకథల్లో ఇలాంటివి దాచేస్తారు గానీ దాచితే ఈ కథ లేదు. క్యాంటీన్ బల్ల మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ కబుర్లు చెప్పడం, క్లాసు ఎగ్గొట్టి సినిమాకి పోవడం, ఎవడైనా నోరు జారితే మూతి పచ్చడి చేయడం, ఈ మూడూ కలిస్తేనే ఆమెకి కాలేజీ. ఇవన్నీ పోగా మిగిలిన టైమంతా డాక్టరు చదువు సీటు కోసం.

ఆ సీటు పిచ్చి తొమ్మిదేళ్ళప్పుడు పట్టింది. నాన్నకి కొట్లో సాయం చేస్తూ, ఎముక తీసే కత్తిని మేక తొడలోనే గుచ్చి వదిలేసి ఆటకి పరిగెత్తింది. నాన్న అది చూసుకోకుండా తొడని రెండు చేతులతో ఎత్తాడు. చూపుడు వేలు తెగి మొద్దు కింద పడింది. అరుపు విని వెనక్కొచ్చిన పిల్ల ఆ వేలిని ఏరి, చేపల కొట్టువాడి ఐసు గిన్నెలో పెట్టుకుని ఆస్పత్రి దాకా మోసుకెళ్ళింది. అక్కడ ఒక డాక్టరమ్మ, చిరిగిన చొక్కాకి జేబు కుట్టినంత తేలిగ్గా దాన్ని కుట్టేసింది. వేలు బతికింది. నేను ఆవిడలా అవుతానని పిల్ల ఆ రోజే అనుకుంది.

నాన్న మాత్రం ఇంటికి రాగానే, కట్టు కట్టిన చెయ్యి మెడలో వేలాడుతుండగా, రెండో చేత్తో వీపు చీరేశాడు. "కత్తి చేతిలో ఉండాలి, లేదా మొద్దు మీద ఉండాలి. మాంసంలో ఉండకూడదు. మాంసంలో కత్తి కనపడితే ఇంకేం చూడకు, లాగెయ్. తుడువు. పక్కన పెట్టు. ఏం చెయ్యాలి?" "లాగెయ్యాలి, తుడవాలి, పక్కన పెట్టాలి." ఒక్కో మాటకీ ఒక్కో దెబ్బ. అప్పట్నుంచి పదేళ్ళు, తెల్లవారగానే కొట్లో నిలబడి ఎముకలు తీస్తూ, ఆ పని ఆమె కొన్ని వేలసార్లు చేసింది. చెయ్యి దానంతటదే చేసుకుపోయేది.

ప్రవేశ పరీక్ష మొదటిసారి రాస్తే పదకొండు ర్యాంకుల తేడాలో సీటు పోయింది. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "ఇంకోసారి రాయి. మూడోసారి నేను రాయనివ్వను" అన్నాడు. దాంతో పొద్దున కొట్టు, ఆ తర్వాత టైర్ల షాపు పైన కోచింగు, మధ్యాహ్నం కాలేజీ. పొడుగు చదివేది కామర్సు. అయినా క్యాంటీన్‌లో ఆమె పుస్తకం ముందేసుకుని ప్రశ్నలు అడిగేవాడు. సగం మాటలు వాడికి నోరు తిరిగేవి కావు. జవాబు తప్పితే ఆమె నెత్తిన మొట్టికాయ, ప్రశ్న సరిగ్గా చదవలేకపోతే వాడి నెత్తిన రెండు. సాయంత్రానికి ఇద్దరి తలలూ దిమ్మెక్కేవి.

"నువ్వు డాక్టరువైతే మొదటి పేషెంటుని నేనేనే గొడ్డలీ" అనేవాడు.

"నీకేం రోగంరా? ఒళ్ళు పొగరే కదా. దానికి మందు నాన్న దగ్గరుంది."

ఇక ఫుట్‌బాల్ ఫైనల్. హాస్టల్ వాళ్ళకీ, ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళకీ ఏటా జరిగే ఆట అది. ఏటా ఆట కంటే తర్వాత జరిగే తన్నులాట పెద్దది. పరీక్ష ఇంకా తొమ్మిది రోజులుంది. "ఈ తొమ్మిది రోజులూ గడప దాటావంటే కాళ్ళు విరగ్గొడతా" అని నాన్న ముందే చెప్పాడు. గోలు దగ్గర పొడుగు నిలబడుతుంటే ఇంట్లో కూర్చుని కప్ప గుండె బొమ్మ గీయడం ఎవరి వల్ల అవుతుంది? వెళ్ళింది.

చివరి నిమిషంలో హాస్టల్ వాళ్ళ కెప్టెన్ బండోడు పెనాల్టీ కొట్టాడు. పొడుగు దాన్ని పొట్టకి హత్తుకుని పడిపోయాడు. లేచి ఊరుకున్నాడా? హాస్టల్ వాళ్ళ వైపు తిరిగి తొడ కొట్టాడు. అంతే, మైదానం మైదానమంతా కలబడింది. జెండా కర్రలు పీకారు. సైకిలు చెయిన్లు గాల్లో తిరిగాయి. ఎవడో గొడ్డలి చెవి మీద కర్రతో కొడితే తలలో గంటలు మోగాయి. ఆమె వెనక్కి తిరిగి మోచేత్తో వాడి పళ్ళు రెండు రాల్చింది. నిజం చెప్పాలంటే అప్పుడు ఆమెకి చాలా సంతోషంగా ఉంది. పరీక్ష లేదు, ర్యాంకు లేదు, ఒళ్ళంతా తేలిగ్గా ఉంది.

పొడుగు తన్నిన తన్నుకి బండోడు వెళ్ళి క్యాంటీన్ గోడకి గుద్దుకున్నాడు. అక్కడ ఉల్లిపాయలు తరిగే కత్తి చేతికందింది. వాడు అరుస్తూ వచ్చి, పొడుగు కొట్టిన తొడలోనే దాన్ని పిడి దాకా దించాడు. దించాక తన చేతిని తనే చూసుకుని, మొహం పాలిపోయి, పరుగెత్తాడు.

పొడుగు గడ్డి మీద కూర్చుండిపోయాడు. కత్తి చుట్టూ సన్నగా దారంలా రక్తం, అంతే. "ఒసే, ఇదేంటే ఇక్కడ?" అన్నాడు, చొక్కాకి ముల్లు గుచ్చుకున్నట్టు.

గుచ్చుకున్నదాన్ని తీయకూడదు. కాలేజీలో చెప్పిన ప్రథమ చికిత్స తరగతిలో మొదటి పాఠం అదే. ఆమెకి అందులో నూటికి తొంభై ఆరు. కానీ ఆ పాఠం బుర్రలో ఉంది, మోకాళ్ళ మీద కూలబడిన ఆమె కళ్ళ ముందు తొడలో కత్తి ఉంది. బుర్ర కదిలేలోపు చెయ్యి కదిలింది. పిడి పట్టుకుంది, లాగింది, నడుము మీద అటూ ఇటూ తుడిచింది, పక్కన పెట్టింది.

మోటారు పైపు ఊడినట్టు రక్తం ఎగజిమ్మింది. ఆమె మొహం మీద, నోట్లో పడింది. పొడుగు పెట్టిన కేక అక్కడున్నవాళ్ళు జన్మలో మర్చిపోయేది కాదు. ఆమె పిడికిలి బిగించి వాడి గజ్జలో పెట్టి, ఒళ్ళు బరువంతా వేసి నొక్కింది. ఆ రక్తనాళం ఎక్కడ పోతుందో ఆమెకి పుస్తకం కంటే ముందు కొట్టు నేర్పింది. వాడు ఆమె భుజం కొరికాడు, జుట్టు పీకాడు. ఆమె కదల్లేదు. వాన్‌లో ఎక్కించినా, ఆస్పత్రి మెట్లెక్కించినా, నలభై నిమిషాలు ఆ పిడికిలి తీయలేదు. చివరికి ఆపరేషన్ గది దగ్గర నర్సులు వేళ్ళు ఒక్కోటీ విడదీసి ఆమెను పక్కకి లాగారు.

నాలుగు గంటల తర్వాత పెద్ద డాక్టరు బయటికొచ్చాడు. "ప్రాణం దక్కింది. ఆ అమ్మాయి నొక్కి పట్టబట్టి. కాలు తీసేశాం" అని ఆగి, "కత్తి ఉన్నచోటే ఉండుంటే కాలు దక్కేదే. లాగేటప్పుడు రక్తనాళం మొత్తం తెగిపోయింది. ఎవరు లాగారు?" అన్నాడు.

పొడుగు వాళ్ళమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంటోంది. "ఇంకెవడు, పొడిచినవాడే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆమె నోరు తెరవలేదు. భయపడింది. అంతే, దానికి పెద్ద పెద్ద పేర్లు పెట్టక్కర్లేదు. కొట్లాటలో ఎవరి కన్నూ ఇంకొకరి మీద లేదు, కత్తి తొక్కిసలాటలో మట్టిలో కూరుకుపోయి దాని మీద వేలిముద్రలేవీ మిగల్లేదు, పొడుగుకి కత్తి దిగడం తప్ప తర్వాతది ఏదీ గుర్తులేదు. పోలీసులు బండోణ్ణి పట్టుకుని లోపలేశారు. ఆవేశంలో ఒక పోటు పొడవడం ఒక కేసు, పొడిచి, చావాలని లాగి పారేసి పోవడం ఇంకో కేసు. వాడి మీద రెండోది రాశారు.

తొమ్మిదో రోజున ఆమె పరీక్ష రాసింది. కన్నీళ్ళు పెట్టుకుంటూ రాసిందని చెప్పను, బాగా రాసింది. ర్యాంకు కూడా బాగా వచ్చింది. పెద్ద కాలేజీలోనే సీటు. ప్రిన్సిపాల్ ఇచ్చిన నడవడి పత్రంలో, తోటి విద్యార్థి ప్రాణం కాపాడిన ధీరురాలు అని ఉంది. నాన్న దాన్ని కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించాడు. ఆమె తిన్నదల్లా వాంతి చేసుకుంటోంది. ర్యాంకు వచ్చిన సంబరంలే అని నాన్న నవ్వాడు.

చేరాల్సిన రోజుకి ముందు రోజు పొద్దున, కొట్లోకి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. మాంసం అడగలేదు.

"నేను ఆ కుర్రాడి నాన్నని. మావాడు పొడిచాడమ్మా. కాదనను, వాణ్ణి నేనే నరకాలన్నంత కోపముంది నాకు. కానీ లాగలేదంటున్నాడు. లోపల వాళ్ళు గోళ్ళూడగొట్టినా అదే మాట. అక్కడ నువ్వున్నావంట కదా. నువ్వు చూశావా తల్లీ?"

"నేను చూళ్ళేదు" అంది ఆమె. లారీ డ్రైవరు తల ఊపి వెళ్ళిపోయాడు.

నాన్న పని ఆపేశాడు. కూతురి చేతుల వంక చూశాడు, మొద్దు మీద పక్కగా తుడిచి పెట్టిన కత్తి వంక చూశాడు.

"నువ్వే లాగావు."

ఆమె కత్తి తీసి మళ్ళీ తుడవబోయింది.

"కడుపులో పెట్టుకో" అన్నాడు నాన్న గొంతు తగ్గించి. "రేపొక్కరోజు. ఒక్కసారి అందులో చేరిపోతే... నేను నేర్పిందే కదే అది, నేను చావగొట్టి నేర్పిందే కదా!" అంటూ ఎడమ చేత్తో తన నెత్తి తనే బాదుకున్నాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత చేతులు కడుక్కుని పొడుగు వాళ్ళింటికి వెళ్ళింది.

వాడు మంచం మీద కూర్చుని ఊతకర్రకి గుడ్డ చుట్టుకుంటున్నాడు. "వచ్చావా డాక్టరమ్మా! రేపు కదూ? చూడు, మొదటి పేషెంటుని ఎప్పుడో అయిపోయాను" అని నవ్వాడు.

"కత్తి లాగింది బండోడు కాదురా. నేను."

వాడికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఊతకర్ర తిప్పి కొట్టాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది, రెండోది మూతి మీద. పెదవి చిట్లింది. జన్మలో ఒక్క దెబ్బకి ఊరుకోని మనిషి చేతులు కిందికి దించి నిలబడింది. "గొర్రె కసాయివాణ్ణి నమ్మినట్టు నమ్మానే నిన్ను! రోజూ పడుకునే ముందు వాణ్ణి తిట్టుకునేవాణ్ణే! నీకు దణ్ణం పెట్టుకునేవాణ్ణే!" అంటూ కొట్టాడు. తూలి కింద పడ్డాడు. కింద పడి కూడా ఆమె కాళ్ళ మీద కొట్టాడు. చెయ్యి పడిపోయేదాకా కొట్టి, నేలకి నుదురు ఆన్చి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె పక్కనే కూర్చుని ఏడ్చింది. ముట్టుకునే ధైర్యం చాల్లేదు.

"నాకెందుకు చెప్పావే? నాకు చెబితే కాలొస్తుందా?"

"రాదు. పోలీసులకి చెప్పేముందు నీకు చెప్పాలనిపించింది."

వాడు మొహం తుడుచుకుని, కర్ర ఊతంగా లేవబోయి రెండుసార్లు పడ్డాడు. మూడోసారి లేచాడు. "పద. నేను వెంట రాకపోతే సగం దారిలోంచి ఇంటికి పోతావు. నిన్నింక నమ్మను."

పోలీసు స్టేషన్ మూడు వీధుల అవతల. వాడి ఒంటికాలి నడకకి అరగంట పట్టింది. అధికారి వాళ్ళని కూర్చోబెట్టి, ఆమె చెప్పింది మొత్తం విన్నాడు. చిట్లిన పెదవి చూసి, ఎవరైనా బెదిరించి చెప్పిస్తున్నారా అని అడిగాడు. "నేనే కొట్టాను సార్. ఇది వేరే లెక్క" అన్నాడు పొడుగు.

"ఇది రాసుకుంటే కేసు నీ మీదికీ వస్తుందమ్మాయ్. నడవడి పత్రం చెల్లదు. రేపు నిన్ను చేర్చుకోరు. తెలుసా?"

"తెలుసు సార్."

"ఇన్ని రోజులు ఆగినదానివి, ఇంకొక్క రోజు ఆగి, చేరిపోయి రావచ్చుగా?"

దారి పొడవునా ఆమె తనని తాను అడుగుతూ వచ్చిందీ అదే.

"చేరాక ఇక రాను సార్" అంది. "నా సంగతి నాకు తెలుసు. రాసుకోండి."