గడియారం మూడు నిమిషాలు ఆగిన రోజు

మా బస్సు డ్రైవరుని డిపోలో అందరూ గడియారం అంటారు. ఎదురుగా కాదు లెండి, వెనక. పదకొండేళ్లుగా అదే బస్సులో టిక్కెట్లు కొడుతున్న కండక్టర్ని కాబట్టి ఆ పేరు ఎంత బాగా అతికిందో నాకు తెలుసు. నేను మాత్రం అన్నా అని పిలుస్తాను. అన్న బస్సు ఎవరి కోసమూ ఆగదు. ఒకసారి మా మేనేజరుగారే చెయ్యి ఊపుతూ పరుగెత్తుకొచ్చారు. ఆగలేదు. మర్నాడు సంజాయిషీ అడిగితే, "బయల్దేరే టైము మీరు రాసిచ్చిందే కదండీ" అన్నాడు.

కఠినాత్ముడేం కాదు. ఒకరి కోసం ఆగితే ముందు స్టాపుల్లో నలభైమంది ఎండలో నిలబడాలని అతని వాదన. న్యాయమే. బస్సు తప్పినవాడికి మాత్రం ఆ న్యాయం చెవికెక్కదు.

అన్నకు ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి ఈ ఏడు హైస్కూల్లో చేరింది. ఆ స్కూలు మా రూటులోనే. సీటు వచ్చిందని తెలిసిన రోజు నుంచి అతని నోట వేరే మాట లేదు. తెల్లవారకముందే డ్యూటీకి వచ్చేసే మనిషి. పిల్లలు లేచేసరికి రెండో ట్రిప్పులో ఉంటాడు. ఇన్నేళ్లలో పెద్దది బడికి తయారై వెళ్లడం ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. కొత్త యూనిఫారం ముందే వేసి చూపించమంటే, నలిగిపోతుందని వదిన మడత విప్పనివ్వలేదట.

"పోనీలే చెల్లెమ్మా, మొదటిరోజు నా బస్సే ఎక్కుతుందిగా. అప్పుడే చూస్తా" అని ముందు అద్దం రెండోసారి తుడిచాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, "ఎనిమిదీ పదికల్లా స్టాపులో ఉండాలి. నా బస్సు కన్నకూతురి కోసమైనా ఆగదు" అని పిల్లను ఆటపట్టించాడు. ఆ ముక్క మర్నాడు, బడి మొదటిరోజు పొద్దున, నాతో చెప్పి నవ్వాడు కూడా. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా?

ఎనిమిదీ పదికి వాళ్ల వీధి స్టాపులో ఆగాం. ఎక్కేవాళ్లు ఎక్కారు. పిల్ల లేదు. వదినకు ఫోను చేశాను, ఎత్తలేదు. నేను బెల్లు కొట్టలేదు. అన్న అడగనూ లేదు. పక్క అద్దంలో సందు మలుపునే చూస్తూ కూర్చున్నాడు. ఒక నిమిషం. రెండు. బస్సంతా గుసగుసలు.

"ఏంటి, గడియారానికి కీ అయిపోయిందా?" అన్నాడు వెనక సీటు పెద్దమనిషి. అన్న అతన్ని ఇదివరకు నాలుగుసార్లయినా వదిలేసి ఉంటాడు, అక్కసు ఉండదూ!

మూడో నిమిషం నిండాక అన్న గేరు వేశాడు. దారంతా మెడ నిటారుగా పెట్టి రోడ్డే చూస్తున్నాడు. నాకు కళ్లు తడిశాయి, దాచడం దేనికి?

హైస్కూలు స్టాపులో తలుపు తీసేసరికి మెట్టు కింద పెద్దది నిలబడి ఉంది. తెల్ల చొక్కా, నీలం స్కర్టు, రెండు జడలు, మెరిసిపోతున్న బూట్లు. చొక్కా మీద మడత గీతలు ఇంకా పోలేదు.

"ఇక్కడున్నావేంటే?" అన్నాను.

"ముందు బస్సుకి వచ్చేశా అత్తా. నేను లేటైతే, నాన్న ఆగితే ఆయన పేరు పోతుంది, ఆగకపోతే నా పరువు పోతుంది. ఎందుకొచ్చిన గొడవ!" అంటూ ముందు తలుపు దగ్గరికి వెళ్లి, చేతులు చాచి గిర్రున ఒక చుట్టు తిరిగింది. "నాన్నా, చూడు! నీకు చూపించాలనే ఇంతసేపూ నిలబడ్డా."

అన్న చూశాడు. స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉంచి, జడల నుంచి బూట్ల దాకా చూశాడు.

"బాగుందమ్మా" అన్నాడు.

"అవునూ, మూడు నిమిషాలు లేటయ్యావేంటి నాన్నా?"

వెనక సీటు పెద్దమనిషి నోరు తెరిచాడు. నేను గుర్రుగా చూశాను. మూసుకున్నాడు.

"ట్రాఫిక్కమ్మా" అన్నాడు అన్న.

పిల్ల గేటు దాటి లోపలికి వెళ్లి కనబడకుండా పోయేదాకా నేను బెల్లు కొట్టలేదు. అక్కడ ఇంకో నిమిషం పోయింది. వెనక సీటు పెద్దమనిషి కూడా కిటికీలోంచి ఆ గేటు వైపే చూస్తున్నాడు.