పరబ్రహ్మం గారి నడిమి బజ్జీ

పరబ్రహ్మం గారికి నడిమిదాని పిచ్చి. ఆకులో అయిదు బజ్జీలు పెడితే చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా పేర్చి, మొదట నడిమిది తినేవారు. లాల్‌దర్వాజా గల్లీ మొదట్లో బజ్జీలు వేసే రాజమణికి ఇది చూస్తే ఒళ్లు మండేది. నోరు కాలేలా తినాల్సినవాటిని పేర్చి పేర్చి చల్లారబెడితే మండదూ మరి?

ఆయనది భీమవరం వైపు. సర్కారు గణాంకాల ఆఫీసులో ఉద్యోగం. అరవై ఎనిమిదిలో ఆ గల్లీలో అద్దెకు దిగింది మొదలు, ఏటా బోనాలు వెళ్లిన మర్నాడు నలభై ఒక్క ఇళ్లూ తిరిగి, ఇంటికొక అట్టముక్క రాసేవారు. అది ఆఫీసు పని కాదు, సొంత సరదా. ఆదాయం మాత్రం అడిగేవారు కాదు. రేషన్ కార్డు వేళ అందరూ బీదలే, పెళ్లిచూపుల వేళ అందరూ నవాబులే అని ఆయన సిద్ధాంతం. నెలకు సబ్బులెన్ని, కందిపప్పు ఎంత, మాంసం ఎన్నిసార్లు అని అడిగి, ఆదాయం తానే లెక్క కట్టేవారు.

అదే గల్లీలో దుర్గయ్య అయితే పరబ్రహ్మం గారు రేడియో లైసెన్సు చూడ్డానికి వచ్చారనుకుని రేడియో మీద బొంత కప్పి కూర్చునేవాడు. బొంత కింద రేడియో పాడుతూనే ఉండేది. పరబ్రహ్మం గారు పాట అయ్యేదాకా విని, సబ్బులెన్నో రాసుకుని వెళ్లేవారు. పదేళ్లు ఇదే తంతు.

లెక్క అంతా అయ్యాక ముక్కలన్నీ ఆదాయం వరుసన కింది నుంచి పైకి పేర్చి, గల్లీకి ఆయన చెప్పేది ఒక్కటే. నడిమింటి ఆదాయం నిరుటికంటే ఇంత పెరిగింది, బియ్యం ధర కూడా అంతే పెరిగింది, కనక మనం ఉన్నచోటే ఉన్నాం. ఏ ఇల్లు ఎక్కడుందో చచ్చినా చెప్పరు. రాజమణి మాత్రం తనదే అట్టడుగు ముక్క అని మనసులో ఖాయం చేసుకుంది. మొగుడు పోయి బజ్జీల మీద బతికేదానికంటే కింద ఎవరుంటారు? ఆ సిగ్గుతోనే ఆయన ముందు తలెత్తేది కాదు.

డెబ్బై ఎనిమిదిలో నల్లా సంగతి వచ్చింది. మొఘల్‌పురా నుంచి రోజూ ఆరు బిందెలు మోసి మోసి రాజమణి మోకాళ్లు అరిగాయి. ఇంక మోస్తే మంచం పడతావన్నాడు డాక్టరు. నీళ్లు లేకపోతే బజ్జీలు లేవు. బజ్జీలు లేకపోతే ఆమె పొయ్యిలో పిల్లి లేవదు. అలాంటి సమయంలో నల్లాల ఆఫీసరు వచ్చి, ఇంటి ఆదాయం సగటున నెలకు మూడు వందల లోపున్న గల్లీలకే ఉచిత నల్లా అనీ, ఈ గల్లీ సగటు ఎనిమిది వందల పైమాటే అనీ చదివి ఫైలు మూశాడు. గల్లీ చివర మూడంతస్తుల మేడలో ముత్యాల సేటు ఉన్నాడు మరి. ఆయన నెలసరి పాతిక వేలు అందరి నెత్తినా సమంగా పంచితే లెక్క అలాగే తేలుతుంది.

"గా ఎనిమిది వందలల్ల నాయి ఎవలింట్ల ఉన్నయి సార్?" అని దుర్గయ్య నిజంగానే అడిగాడు.

పరబ్రహ్మం గారు అట్టముక్కల కట్ట పట్టుకొచ్చారు. సగటు కాదండీ, నడిమిల్లు చూడండి, రెండు వందల నలభయ్యే అన్నారు. ఆఫీసరు తిరగేసి చూశాడు. అన్నీ అంకెలే, ఒక్క పేరూ లేదు. పేర్లు లేకుండా ఎలా నమ్మేదన్నాడు.

"పేర్లు చెప్పనండి."

"అయితే నల్లా రాదు."

పరబ్రహ్మం గారు కట్ట వెనక్కి తీసుకుని గుండెకు అదుముకున్నారు. ఆఫీసరు సైకిలు తీశాడు. రాజమణికి ఆరు బిందెలూ కళ్ల ముందు తిరిగాయి. శనగపిండి చేతులు కొంగుకు తుడుచుకుని ముందుకొచ్చింది.

"నాది నేనే చెప్త సార్. దినాం ఎనిమిది రూపాలు మిగుల్తయి. అందరికన్న కింద నేనే, రాస్కోండ్రి" అని గోడవారగా నిలబడింది.

 తర్వాత తాపీ పని కైలాసం, తనకు అదీ రాదు వదినా అంటూ ఆమెకు కింది పక్కన నిలబడ్డాడు. ఎదురింటి వరమ్మ ఇంకా కిందికి వెళ్లింది. దుర్గయ్య రేడియో చంకన పెట్టుకునే వచ్చి పై వైపు చేరాడు. ఒకరు చెబితే ఒకరు జరిగారు. పరబ్రహ్మం గారూ జీతం చెప్పి తన చోట నిలబడ్డారు. చివరికి సేటు కూడా నవ్వుతూ మేడ దిగి పై కొసన నిలబడ్డాడు. ఆఫీసరు లెక్కపెట్టాడు. ఇటు ఇరవై, అటు ఇరవై. నడుమ రాజమణి.

పరబ్రహ్మం గారి చేతిలోని కట్టలోంచి ఇరవయ్యొకటో ముక్క తీశాడు. రెండు వందల నలభై. సబ్బులూ కందిపప్పూ అడిగి కట్టిన లెక్క రూపాయి తప్పలేదు. ఆఫీసరు ముక్కనీ మనుషులనీ మార్చి మార్చి చూసి, అక్కడే సైకిలు సీటు మీద ఫైలు పెట్టుకుని సిఫార్సు రాశాడు. గల్లీ అంతా రొమ్ము విరుచుకుంది. అందరికంటే ఎక్కువ విరుచుకున్నది రాజమణి.

నెల తిరక్కుండా నల్లా పడింది. మొదటి బిందె పట్టుకొచ్చిన సాయంత్రం ఆమె పరబ్రహ్మం గారిని నిలదీసింది.

"పదేండ్ల సంది చివరిదాన్ననుకొని సిగ్గుపడుకుంట బతికిన. కాదని ఒక్క మాట చెప్పొద్దా సారూ?"

"మీరు చివర కాదని చెబితే, మరి చివర ఎవరని అడుగుతారు కదమ్మా."

 రాజమణి మూకుడులోంచి అయిదు బజ్జీలు తీసి, అన్నిటికంటే పెద్దది నడుమ పెట్టి ఆకు ఆయన ముందుకు జరిపింది. ఆయన అలవాటు కొద్దీ సర్దబోతే చేయి అడ్డం పెట్టింది.

"ఇయ్యాల వరస నేను పేర్చిన. చల్లారకముందే తినుండ్రి."