విడిపోయిన కుట్టుకు కర్త ఎవరు?

కర్త లేని వాక్యం చెవిన పడితే మా పెద్దమ్మకు ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుంటుంది. ముప్ఫై రెండేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరై మా ఇంట్లోనే ఉంటోంది. బడి వదిలేసింది కానీ 'బడు'ను మాత్రం వదల్లేదు. ఎక్కడైనా 'చేయబడును', 'ఇవ్వబడును' కనిపిస్తే చాలు, చేతిసంచిలోంచి ఎర్ర పెన్ను తీస్తుంది. వీధిలో ఆవిడ పేరే 'కర్త పెద్దమ్మ' అయిపోయింది. ఆవిడ 'కర్త' అన్నప్పుడల్లా మేము 'మా కర్మ' అనుకుంటూ పెరిగాం.

నాకు ఏడేళ్ళప్పటి సంగతి.

"పెద్దమ్మా, గ్లాసు పగిలిపోయింది."

"దానంతటది పగిలిందా?"

"చేతిలోంచి జారింది."

"జారిందా, జార్చావా? కర్త ఎవరు?"

"నేనే పగలగొట్టాను."

"హమ్మయ్య, ఇప్పటికి వాక్యం పూర్తయింది. చీపురు పట్రా. కాలికి గుచ్చుకోగలదు, జాగ్రత్త."

మా బిల్డింగులో ఒకసారి 'లిఫ్టు నిలిపివేయబడినది' అని కాగితం అంటించారు. ఎవరు నిలిపివేశారో తేలేదాకా ఆవిడ మెట్లెక్కనంది. వాచ్‌మన్‌ని అడిగింది, సెక్రటరీని కిందికి పిలిపించింది, కరెంటు మనిషికి ఫోన్ చేయించింది. కర్త దొరికేలోపు లిఫ్టే బాగైపోయింది.

ఇంకోసారి ల్యాబులో 'ఇచ్చట రక్తం తీయబడును' అన్న బోర్డు చూసి "ఎవరు తీస్తారు?" అని అడిగింది. "నేనేనండీ" అన్నాడు అక్కడున్నాయన. అతని చెయ్యి వణకడం చూసి, "ఓహో, అందుకా రాసుకోలేదు!" అని లేచి వచ్చేసింది.

అలాంటి మనిషి చేతిలో నా ప్యాంటు పడింది.

అప్పటికి ఉద్యోగం లేక ఎనిమిది నెలలు. ఒక గిడ్డంగుల కంపెనీ ఇంటర్వ్యూకి రమ్మంది. ఉన్నదంతా ఊడ్చి ముదురు నీలం ప్యాంటు ఒకటి కొన్నాను. కొట్లో అమ్మే ఆవిడకు యాభై ఏళ్ళుంటాయి, మెడలో గొలుసుకు కళ్ళజోడు వేలాడుతూ ఉంటుంది. "ఓసారి కూర్చుని చూసుకోండి బాబూ" అంది. "నేను కొంటున్నది ప్యాంటండీ, కుర్చీ కాదు" అని నా తెలివంతా అక్కడ ఒలకబోసి వచ్చేశాను.

ఇంటర్వ్యూలో కూర్చోమన్నారు. కూర్చున్నాను. వెనకాల టర్ర్‌మంది. ముగ్గురు ఆఫీసర్లూ ఫ్యాను వంక చూశారు. నేనూ ఫ్యాను వంకే చూశాను. అడిగినవాటికి ఏం చెప్పానో దేవుడికే తెలియాలి. లేచాక వాళ్ళకు వీపు చూపించకుండా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ తలుపుదాకా వెళ్ళాను. దాన్ని వినయం అనుకున్నారు కాబోలు, "గురువారం ఫైనల్ ఇంటర్వ్యూకి రండి" అన్నారు.

గురువారానికి మూడు రోజులుంది. ఇంట్లో ఉన్న ఇంకో ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఫ్యాషన్ కోసం చింపింది. ఇది మార్చి ఇస్తేనే ఇంటర్వ్యూ, లేదంటే లేదు. పరుగున కొట్టుకు వెళ్తే మేనేజరు తల కూడా ఎత్తకుండా గోడమీది బోర్డు చూపించాడు. తోక ముడిచి ఇంటికొచ్చాను.

"కుట్టించుకుంటే పోలా?" అంది అమ్మ.

పెద్దమ్మ ప్యాంటు తిరగేసి పక్క కుట్టు మీద వేలు పెట్టింది. అదీ ఊడి వచ్చింది. "ఎన్నిచోట్లని కుట్టిస్తావే? కొట్టువాడేమన్నాడ్రా?"

"వాపసు తీసుకోబడదట, పెద్దమ్మా."

నోరు జారాక గానీ ఏమన్నానో తెలియలేదు. పెద్దమ్మ కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుంది.

"చెప్పులేసుకో" అంది.

కొట్టు కిటకిటలాడుతోంది. పెద్దమ్మ సరాసరి బోర్డు ముందు నిలబడి, బడిపిల్లలకు వినిపించినట్టు చదివింది. "'అమ్మిన వస్తువులు వాపసు తీసుకోబడవు.' ఎవరు తీసుకోరు?"

"అది రూలండీ మేడమ్" అన్నాడు మేనేజరు.

"రూలుకి చేతులుండవు బాబూ. ఎవరు తీసుకోరు?"

"మేమే."

"మరి అలా రాసుకోవచ్చుగా!" అని పక్కనున్న స్టూలెక్కేసింది. నేను గబగబా స్టూలు పట్టుకున్నాను. ఎర్ర పెన్నుతో 'తీసుకోబడవు' కొట్టేసింది. 'అమ్మిన వస్తువులు, కుట్లు ఊడిపోయినా సరే, మేము తీసుకోము' అని గుండ్రటి అక్షరాలతో దిద్దింది. బిల్లు కోసం వరసలో నిలబడ్డ ఇద్దరు ఆ వాక్యం చదివి, చేతిలో బట్టలు మెల్లగా అక్కడే పెట్టేసి వెళ్ళిపోయారు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, దిగండి మేడమ్! మీవాడే ప్యాంటు చింపుకుని మా మీద పడితే ఎలా?"

"క్రియ తప్పు" అంది పెద్దమ్మ దిగుతూ. "గుడ్డ ఎక్కడ చిరిగిందో చూపించు. చిరగలేదు. కుట్టు విడిపోయింది. చింపితే కర్త మావాడు. కుట్టు విడిపోతే మావాడెలా అవుతాడు? వాడికి బొత్తాం కుట్టుకోవడమే చాతకాదు. లోపం ఉన్న సరుకు అమ్మి, గోడమీద ఏం రాసుకున్నా చెల్లదు నాయనా. మార్చివ్వండి, లేదా డబ్బు వెనక్కివ్వండి. కాదంటే వినియోగదారుల ఫోరానికి నేనే రాస్తాను, కర్తతో సహా."

"మా కుట్లకు ఢోకా లేదండీ. చూడండి!" అని మేనేజరు అదే రకం కొత్త ప్యాంటు ఒకటి తీసి, అందరికీ కనబడేలా పట్టుకుని లాగాడు.

టర్ర్.

పెద్దమ్మ చాలా మెత్తగా అడిగింది. "కర్త ఎవరు బాబూ?"

"నేనేనండీ" అన్నాడు, అచ్చం ఏడేళ్ళప్పటి నాలాగే.

"హమ్మయ్య, వాక్యం పూర్తయింది."

వెంటనే వెళ్ళి వాపసు ఫారం తెచ్చిచ్చాడు. దాని అడుగున 'బాధ్యులైన ఉద్యోగి' అని ఒక గడి ఉంది. మేనేజరు ఆ మూల నిలబడ్డ, మెడలో కళ్ళజోడు గొలుసున్న ఆవిడ వైపు చెయ్యి చూపించాడు. "సరుకు చూసుకోవాల్సింది ఈవిడేనండీ. ఈవిడ పేరు రాయండి. ఇప్పటికే రెండుసార్లు ఈ గడిలో పేరు పడింది. ఇది మూడోది, ఇక ఇంటికే."

ఆవిడ మడతపెడుతున్న చొక్కా చేతిలోనే ఉండిపోయింది. కర్తను చేతిలో పెట్టి రాయమంటే మా పెద్దమ్మ ఆగుతుందా?

"నీకు అమ్మింది ఈవిడేనా?" అడిగింది పెద్దమ్మ.

"ఈవిడే. కూర్చుని చూసుకోమంది కూడా. నేనే వినలేదు" అన్నాను. అడక్కుండానే కర్తను చెప్పడం నా జన్మలో అదే మొదటిసారి.

పెద్దమ్మ ఆ గడిలో ఈ చివర్నుంచి ఆ చివరికి ఎర్రగీత గీసేసి, కింద 'కుట్టు విడిపోయింది' అని మాత్రం రాసింది.

"పేరు రాయలేదు మేడమ్?"

"కొన్ని వాక్యాలకు కర్త ఉండడు బాబూ. 'తెల్లారింది' అంటాం. ఎవరు తెల్లార్చారు? ఇదీ అంతే."

మేనేజరు బుర్ర గోక్కుని సంతకం పెట్టాడు. ఆ గొలుసావిడ మరో కంపెనీ ప్యాంటు తెచ్చి, నన్ను ఆరుసార్లు కుర్చీలో కూర్చోబెట్టి చూసింది. ఏడోసారి గొంతుక్కూర్చోమంది. నోరెత్తకుండా కూర్చున్నాను.

బయటికొచ్చాక ఇక ఆగలేకపోయాను. "ఇన్నేళ్ళూ కర్త కర్త అని మమ్మల్ని కాల్చుకు తిన్నావు కదా, ఇవాళ నువ్వే ఎగ్గొట్టావేంటి?"

"కర్త ఎవరని అడిగేది కొట్టడానికా, పిచ్చివెధవా? చెయ్యనివాళ్ళ నెత్తిన పడకుండా చూడ్డానికి. ఆ కుట్టు ఆవిడ వేసిందా? కొట్టు మొత్తంలో చూసుకోమని చెప్పింది ఆవిడొక్కతే. ఆవిడ పేరు రాస్తే అది తప్పుడు వాక్యం."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ గ్లాసు పగిలిన రోజు అమ్మ వంటింట్లో, పనావిడే పగలగొట్టిందని ఆవిడ మీద విరుచుకుపడుతోంది. నా చేత 'నేనే' అనిపించి, పెద్దమ్మ నేరుగా వెళ్ళి అమ్మతో ఏదో చెప్పింది. వంటింట్లో కేకలు ఆగిపోయాయి. నా మీద మాత్రం ఈగ కూడా వాలలేదు. ఇన్నేళ్ళుగా అదంతా వ్యాకరణం అనుకున్నాను.

గురువారం వెళ్ళాను. కూర్చున్నాను. ఏ చప్పుడూ రాలేదు. లేచి, వీపు చూపించి మరీ దర్జాగా బయటికి నడిచాను. సాయంత్రానికి ఫోనొచ్చింది.

"పెద్దమ్మా, ఉద్యోగం వచ్చింది!"

"వచ్చిందా, తెచ్చుకున్నావా? కర్త ఎవరు?"

"నువ్వే! కర్త, కర్మ, క్రియ అన్నీ నువ్వే!"

"ఛీ, ఒక్కరే మూడూ ఎలా అవుతార్రా? ముప్ఫై రెండేళ్ళు పాఠం చెప్పినా బుద్ధి రాలేదు" అంటూ ఎర్ర పెన్ను తీసింది. దిద్దడానికి చుట్టుపక్కల కాగితం వెతికింది. దొరకలేదు. నా చెయ్యి లాక్కుని, అరచేతిలో ఇంత పెద్ద రైటు కొట్టింది.