కొండ కింద పచ్చ గుర్తు

మా ఊళ్లో మనుషులు మంచివాళ్లు. ఆ మంచితనంతోనే నాకు పేచీ.

చిన్నప్పుడే పోలియో వచ్చి నా రెండు కాళ్లూ పడిపోయాయి. అప్పట్నుంచీ చక్రాల కుర్చీయే. అనకాపల్లిలో ఏ మెట్టు ముందు ఆగినా, నేను నోరు తెరిచేలోపు ఎవరో ఒకరు చంకల కింద చేతులు పెట్టి లేపేస్తారు. బస్సు దగ్గరా అంతే, కల్యాణ మండపంలోనూ అంతే, ఓటెయ్యడానికి వెళ్లిన బడిలోనూ అంతే. "వద్దు" అంటే మొహమాటం అనుకుంటారు. మా మార్కెట్లో బెల్లం దిమ్మనైనా కాస్త చూసి దింపుతారు.

అందుకే, చుట్టుపక్కల చూడదగ్గ చోట్ల వివరాలు ఫోన్‌లోకి ఎక్కించే యాప్ పని వచ్చినప్పుడు ఎగిరి గంతేశాను, కాళ్లు కదలకపోయినా. మెట్లెన్ని, ర్యాంపు ఉందా, బాత్‌రూం తలుపు కుర్చీకి సరిపోతుందా, చూపులేనివాళ్లకి వినిపించే ఏర్పాటు ఉందా, ఇవన్నీ స్వయంగా చూసి నింపాలి. "మీ అనుభవమే మాకు బలం మేడమ్" అన్నాడు విశాఖపట్నం నుంచి వచ్చిన మేనేజరు. అంతవరకూ నన్ను ఎవరూ పని కోసం పిలిచింది లేదు.

ఊరి బయటి బౌద్ధుల కొండకి వెళ్లాను. కింద నుంచే మెట్లు. ‘చక్రాల కుర్చీతో పైదాకా వెళ్లవచ్చా?’ అన్న చోట ‘కాదు’ నొక్కి వచ్చేశాను. సాయంత్రం మేనేజరు ఫోన్ చేశాడు.

"అన్నీ ‘కాదు’లే వస్తున్నాయి మేడమ్. ఇలాగైతే మీ ఊరిని లిస్టులోంచి తీసేస్తారు. అక్కడ సాయం చేసేవాళ్లే లేరా? కనుక్కోండి."

మర్నాడు కొండ కింద టీ బడ్డీ దగ్గర కనుక్కున్నాను. మార్కెట్లో బస్తాలు మోసే కలాసీలు నలుగురు అక్కడ టీ తాగుతున్నారు. నా ప్రశ్న విని వాళ్లలో పెద్దాయన నవ్వాడు.

"ఎందుకెల్లలేరప్పా? మేం నేమా ఏటి? కుర్సీతో పాటు ఎత్తీసి పైన కూకోబెట్టేత్తాం."

ఆ మాటలో కల్మషం లేదు. వాళ్ల దృష్టిలో మనిషి పైకి చేరితే వెళ్లినట్టే. ఎలా చేరిందన్నది వాళ్లకి అక్కర్లేదు. నాకు అదే కావాలి, జీవితమంతా అదే కావాలి. అయినా ‘అవును’ నొక్కాను. కొండ పేరు పక్కన పచ్చ గుర్తు వెలిగింది. పని పోతుందని భయపడ్డాను, అంతే.

యాప్‌లో సాయం కోసం ఇచ్చిన నంబరు నాదే. నెల తిరక్కుండానే సబ్బవరం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. టీచరట. ప్రమాదంలో వెన్ను దెబ్బతిని మూడేళ్లుగా కుర్చీలోనే ఉందట.

"పచ్చ గుర్తు చూశానండీ. మావారిని కూడా రావద్దన్నాను. ఒక్కదాన్నే వస్తాను" అంది.

ఆ గొంతులో సంబరం విన్నాక కూడా నేను నిజం చెప్పలేదు. "రండి" అన్నాను.

ఆదివారం పొద్దున్నే వచ్చింది. మంచి నేత చీర కట్టుకుంది. ఆటోవాడు కుర్చీ దింపి, ఆవిణ్ణి అందులో కూర్చోబెట్టాడు. మెట్లకేసి చూసి, నాకేసి చూసింది.

"ర్యాంపు అటువైపా అండీ?"

నేను తల దించి ఫోన్ చూసుకున్నాను. ఈలోగా టీ బడ్డీ దగ్గర్నుంచి ఆ నలుగురూ చేతులు తుడుచుకుంటూ వచ్చేశారు.

"వద్దండీ, నేను వెళ్లిపోతాను" అంది ఆవిడ.

"మొగమాటం ఏటమ్మా! మా ఆడకూతురులాంటిదానివి. పట్రా బావా, ఆ పక్క పట్టు!"

"వద్దు, వద్దు" అంటూనే ఉంది. కుర్చీ గాల్లోకి లేచి పక్కకి ఒరిగింది. ఒక చేత్తో కుర్చీనీ, ఇంకో చేత్తో పైటనీ పట్టుకుని పైకి పోయింది. ఆ "వద్దు" నాకు బాగా తెలుసు. ఆపమని ఒక్క కేక వేస్తే ఆగిపోయేవాళ్లు. వెయ్యలేదు. వేస్తే, ఆ గుర్తు సంగతి బయటపడుతుంది కదా!

పైన ఎంతోసేపు లేదు. కిందికి దింపాక చీర సర్దుకుంటూ నన్ను అడిగింది.

"ఆ పచ్చ గుర్తు పెట్టింది ఎవరండీ?"

"ఆఫీసువాళ్లండీ" అన్నాను.

ఇంటికొచ్చి ‘కాదు’ అని మార్చాను. పరిశీలిస్తున్నాం అని ఓ మెసేజీ వచ్చింది. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు, గుర్తు ఇంకా పచ్చగానే ఉంది. దాని కింద ఆవిడ నాలుగు మాటలు రాసింది.

‘కొండ బాగుంది. మనుషులు మంచివాళ్లు. వద్దన్నా వాళ్లకి వినబడలేదు. నా పక్కన కుర్చీలో ఉన్నావిడకి వినబడింది.’

ఇలాంటి రాతల్ని తీసేసే మీట నా ఫోన్లోనే ఉంది. తీయలేదు. ఆ కొండ గురించి ఆ యాప్‌లో ఉన్న నిజం అదొక్కటే.