కణుపు కణుపుకూ వేర్లు

మొన్న నిజామాబాద్ స్టేషన్ ముందు చెరకు రసం తాగుదామని ఆగితే, బండి అతను గడల కణుపుల దగ్గర మీసాల్లా మొలిచిన వేర్లను కత్తితో గీకి పారేస్తున్నాడు. ఎందుకొచ్చాయని అడిగితే, "గాలికి పడ్డ చెరుకక్కా గిది" అన్నాడు. గ్లాసు చేతిలో ఉండగానే నా మనసు ఎడపల్లిలో మా మేనత్త చేనుకు పోయింది.

మేనత్త నోరు చెరకాకు లాంటిది. ఆ ఆకు మెత్తగా ఊగుతూ కనిపిస్తుంది గానీ అంచుకు కంటికి ఆనని రంపపు పళ్లుంటాయి. మూతి పెట్టే గొడ్డు కాస్త వెనకాడాలని కాబోలు ఆ ఏర్పాటు. ఆకలేసిన గేదెలు మాత్రం దాన్ని లెక్కచేయవు. మామ పోయినప్పుడు ఆమె కంట చుక్క నీరు రాలేదని ఊళ్లో అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్లకు, నేను సెలవులకు అక్కడ ఉండగానే, గాలివాన ఆ చేనంతా నేలకు పరిచేసింది. అత్త పొద్దున్నే పోయి, లేవగలిగిన గడలను లేపి, పక్కపక్క దుబ్బుల ఆకులను కలిపి జడలల్లి నిలబెట్టేది. మిగిలిన గడలు అలాగే పడి ఉన్నాయి.

రెండు వారాల తర్వాత వాటిని చూడటానికి ఆమె మరిది వచ్చాడు. చెడ్డవాడు కాదు, ఆమె ఏమైపోతుందోనన్న భయం ఆయనది.

"ఒక్కదానివి ఏం సేస్తవ్ వదినె? గిదంత సచ్చింది. సేను నాకు కౌలుకియ్యి, ఇంట్ల కూసో."

"పండుకున్నది గని సావలే. కొసలు సూడు, మల్ల పైకి లేసినయ్."

ఆయన నమ్మక ఒక గడను పట్టి గుంజాడు. రాలేదు. నేలకు తగిలిన ప్రతి కణుపూ వేరు దింపి మట్టిని పట్టుకుంది. మరింత బలంగా గుంజేసరికి ఆకు అంచు తగిలి అరచేయి కోసుకుంది. అత్త తిడుతూనే తన చీర కొంగు చించి కట్టు కట్టింది.

"ఏర్లు ఏసిన గడకు తీపి తగ్గుతది వదినె," అన్నాడాయన చిన్నబోయి.

"తగ్గనియ్. పానమున్నది గద."

ఆయన తను గుంజిన గడను మళ్లీ మట్టికి అదిమి పెట్టాడు. "సరే, సేను నువ్వే సెయ్యి. రేపటి సంది నీళ్లు నేను కడ్త" అని వెళ్లిపోయాడు.

ఆయన కనుమరుగయ్యాక అత్త గట్టు మీద కూలబడి, మామను పేరుపెట్టి పిలుస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు భయమేసి పక్కన కూర్చున్నాను, అంతకన్నా ఏం చేయాలో తెలియలేదు. కాలం దుఃఖాన్ని మాన్పుతుందని అందరూ అంటారు. మా అత్తకు ముందు ఏడవడానికే కాలం దొరకలేదు. చేను తనదిగా నిలిచాక గానీ ఆమె ఆ తీరిక తీసుకోలేదు.