వంకర చూడలేని నేత్రావతి

నేత్రావతికి వంకర కనబడితే చెయ్యి ఊరుకోదు. పక్కింటి సొన్నమ్మ గోడ మీది క్యాలెండరును కూడా, వచ్చినప్పుడల్లా మెడ వాల్చి, ఒక కన్ను మూసి సరిచేసి పోతుంది. "ఏం పనమ్మా నీది?" అని సొన్నమ్మ అడిగితే, "గీత నిలబెట్టే పని అత్తా" అంటుంది. "అంత చదువు చదివి గీతలు నిలబెట్టేకి పోతావా జిగణికి!" అని సొన్నమ్మ బుగ్గలు నొక్కుకుంటుంది. అక్కడి మందుల ఫ్యాక్టరీలో పెద్ద అయస్కాంతపు యంత్రం బీపీ మాత్రలకు పోయే పొడిని పరీక్షించి, కంప్యూటరు మీద కొండల వరుసలా గీత గీస్తుంది. అది మొదట వంకరగానే వస్తుంది. మౌసుతో ఫేజు, అంటే గీత వాలు, తిప్పి, కొండలన్నీ నిటారుగా నిలిచేదాకా నేత్రావతి సరిచేయాలి. ఒక కొస లేపితే రెండో కొస కుంగుతుంది, ఓపిక కావాలి.

ఆ సాయంత్రం గీత సరిగ్గా నిలబడగానే పెద్ద కొండ పాదం దగ్గర ఒక చిన్న గుట్ట తేలింది. పొడిలో ఉండకూడనిదేదో ఉందన్నమాట. వెనక నిలబడ్డ మేనేజరు మునిరాజు, "రవ్వంత వాల్చమ్మా. పెద్దదాని పక్కన గుంట పడతాది, చిన్నది దాంట్లో మునిగిపోతాది" అన్నాడు.

"వంకర తెలిసిపోతాది సార్."

"ఎవరప్పా చూసేది, నీ మాదిరి కన్ను మూసుకోని? సరుకు బాగుందని సంతకం పెట్టేదాకా లేచేది లేదు."

ఆమె వాల్చింది. గుట్ట మునిగింది. మెడ దానంతటదే పక్కకు వాలింది, కన్ను మూసుకుంది, చెయ్యి మళ్ళీ నిటారుగా తిప్పేసింది. ఇట్లా మూడుసార్లు వాల్చింది, మూడుసార్లూ అంతే. గేటు దగ్గర ఇంటికి పోయే కంపెనీ బస్సు హారను కొట్టి, కాసేపు ఆగి, వెళ్ళిపోయింది. నేత్రావతి బస్సు కోసమని ముందే భుజాన తగిలించుకున్న సంచి తీసి కుర్చీ కింద పెట్టుకుంది. గీత సరిగ్గానే ఉంది. గుట్ట అక్కడే ఉంది.